ఇరవై గ్రాముల నోటీసు

కొత్తవాడ పోస్టాఫీసుల
కవరు తూకం మీద పెడితే ఇరవై గ్రాములు.
లోపల ఏమున్నదని ఎవరూ అడగరు.
రశీదు మీద పేరుంటే చాలు:
చిప్ప అనసూర్య, డైరెక్టరు.
లోపల ఉన్నది తెల్లకాయితం.
నాలుగు మడతలు పెట్టింది నేనే.

రెండోనాడు ఆమె ఆఫీసుకొచ్చింది,
గోళ్ల సందుల నీలి రంగు, చేతిల కవరు.
"ఏందయ్యా, రాయ మర్చిపోయినవా?"
నవ్వుకుంట కూసొని
ఆ కాయితం మీదనే కొత్త జంపఖానాకు గళ్లు గీసింది,
ఎరుపంచు, నడుమ మెట్లు మెట్లుగ.
నా నోట్ల తడారిపోయింది.

పదిహేనేండ్ల కింద
ముగ్గురు కూడి పెట్టిన కంపెనీ ఇది.
గుండు రాజలింగం సేటు బ్యాంకు అప్పు తెచ్చిండు,
ఆయన బామ్మర్ది లారీ తెచ్చిండు.
ఆమె తెచ్చింది పదకొండు మగ్గాలు,
చన్నీళ్లల్ల గూడ దిగిపోని ఎరుపు ఎట్ల కాగుతదో
ఆ గుట్టు.
నూటికి ముప్పై నాలుగు వాటాలు.

మినిట్స్ బుక్కుల రాత నాది.
గుండ్రటి అక్షరాలని సేటు మెచ్చుకుంటడు.
"అసాధారణ సర్వసభ్య సమావేశము
ఉదయము పదకొండు గంటలకు ప్రారంభమైనది.
అధ్యక్ష స్థానమున శ్రీ రాజలింగం గారు.
ప్రత్యేక నోటీసు అందిననూ సదరు డైరెక్టరు హాజరు కాలేదు.
తొలగింపు తీర్మానము
ఏకగ్రీవముగా ఆమోదించబడినది."

ఏకగ్రీవమంటే ఒక్క మెడ.
ఆ దినం ఆ గదిల ఉన్న మెడ
నాదొక్కటే,
వంగి రాస్తున్నది.

ఆమె వాటాను ఎవలూ ముట్టలేదు, అది నిజం.
కొత్త వాటాలు పుట్టించి
బామ్మర్ది పేరు మీద రాసుకున్నరు, గంతే.
జంపఖానా చుట్టూ ఇంకో జంపఖానా నేసుకుంట పోతే
నడుమ పువ్వు ఎంతున్నదో గంతే ఉంటది,
దూరంకెళ్లి చూసెటోనికి చుక్క.
ముప్పై నాలుగు
మూడుకొచ్చింది.

గేటు కాడ ఆపిన్నాడు ఆమె లొల్లి పెట్టలేదు.
"తీసేస్తే తీసేయుండ్రి.
ఒక్కమాట చెప్పుకోనిస్తే మీదేం పోతుండె?"
మళ్ల అన్నది, "బానల నూలున్నది,
పొద్దుగూకకముందే తియ్యాలె."
ఎవలూ తియ్యలేదు.
తెల్లారి అది ఎరుపు గాదు,
ఎండిన నెత్తురు.

కేసు హైదరాబాద్ ట్రిబ్యునల్ల పడ్డది.
సేటు వకీలు పోస్టాఫీసు రశీదు చూపిండు,
ఇరవై గ్రాములు, తారీఖు, ముద్ర.
ఆమె దగ్గర గళ్ల కాయితమున్నది.
కాయితం ఖాళీగ వచ్చిందని
ఖాళీ ఎట్ల సాక్ష్యం చెప్తది?

గని బుక్కుల నేను రాసిన తారీఖు
సేటు నోటితోని చెప్పిన తారీఖే.
బేస్తారం. సమ్మక్క గద్దె మీదికి వచ్చిన దినం.
వరంగల్ల దుకాణాలన్నీ మూసుకొని
జనమంత మేడారం తొవ్వల ఉన్నరు.
అధ్యక్ష స్థానమున ఉన్న సేటు
పదకొండు గంటలకు తక్కెడ మీద ఉన్నడు,
ఎనభై ఆరు కిలోల బంగారం.
మొక్కు తీర్చుకొని వచ్చి
నాకూ చారెడు బెల్లం పెట్టిండు.
బెల్లం చీటీ గూడ చేతిల పెట్టి
"కంపెనీ ఖర్చులల్ల రాయి" అన్నడు.

రాసిన.
గుండ్రటి అక్షరాలతోనే.
వోచరు ఫైలుల సూదితోని కుట్టిన.

నిన్న సెలవు చీటీ పెడితే
సేటు చదవకుండనే సంతకం చేసిండు.

గిప్పుడు స్టేషన్ల, తెల్లారగట్ల,
బెంచి మీద ఆ కొసకు ఆమె, ఈ కొసకు నేను.
నా జేబుల చీటీ నకలు.
ఆమె సంచిల ప్లాస్టిక్ కవరు, అండ్ల ఆ కాయితం,
గీతల కిందికెళ్లి మడతలు ఇంకా కనవడుతున్నయి.
"తిన్నవా?" అని
సద్ది డబ్బా మూత తీసింది.

మడతలు పెట్టింది నువ్వేనా అని
అడగలేదు.
అడిగితే బాగుండు.