మ్ల్యెట్ దీవి లెక్క

డాక్టరమ్మ కాగితం మీద గళ్లు, సున్నాలు గీసింది.
"లోకంలో లక్షకి ఒక్కరు" అంది.
మా భోజనాల బల్ల దగ్గరే ముగ్గురం.

మైనంలా పసుపుపచ్చగా, మందంగా అరచేతులు.
మరిగే కాఫీగిన్నెని
గుడ్డ లేకుండా దించుతుంది మారె అక్క.
చర్చిలో మాత్రం
పక్కవాళ్ల చేతులు జేబుల్లోకి జారుకుంటాయి.

అమ్మవీ నాన్నవీ నున్నటి చేతులే.
తమకే తెలియని సగం చెరొకటి దాచుకొచ్చారు.
పడవ రాని చలికాలాల్లో కుదిరిన పెళ్లిళ్లు,
చర్చి రిజిస్టరు నిండా అవే ఆరు ఇంటిపేర్లు.

"నలుగురిలో ఒకరికి" అంది.
వీకో వంగని వేళ్లతో లెక్కపెట్టాడు:
మేం నలుగురం, ముగ్గురికి వచ్చింది.
తప్పిందా?
లేదట. ప్రతి కాన్పుకీ
పాచిక కొత్తగా పడుతుందట.

నెత్తురు మోచేతి మడతలో తీసింది.
వెళ్తూ, తొడుగు విప్పి, చెయ్యి చాపింది.
ఏం చెయ్యాలో తోచక
అందులో నిమ్మకాయ పెట్టాను.