ఉన్నావేటే

హెర్బేరియంలో నాది లేబుళ్ళు రాసే పని.
ఎండిన కొమ్మని అట్టకి కుట్టి
కింద కుడిమూలన
లాటిన్ పేరు, తేదీ, దొరికిన చోటు, కోసినవారు.
"స్థానిక నామం" అని ఒక గడి కూడా ఉంది.
పదకొండేళ్ళుగా అందులో నేను గీసిన అడ్డగీతలు
కలుపుకుంటూ పోతే భీమిలి చేరతాయి.

ఆ సోమవారం పెదజాలరిపేట ఇసకలో
ఊదారంగు గరాటా పువ్వు.
పొద్దున విచ్చి ఎండెక్కేసరికి ముడుచుకునే రకం.
ఆకు కొస దగ్గర రెండుగా చీలి ఉంటుంది.
ఎక్కడో ఎవరో ఆ చీలికని చూసి
మేక గిట్ట అనుకుని లాటిన్‌లో రాసుకున్నారు.
మనవాళ్ళు అదే చీలికని చూసి
కుందేలు అనుకున్నారు. చెవులపిల్లి తీగ.
ఒకరికి కాలు, ఒకరికి చెవి.
ఒకరికి తొక్కుకుంటూ పోయేది,
ఒకరికి నక్కి వినేది.
పువ్వు వైపు మాత్రం ఎవరూ చూసినట్టు లేదు.

పడవ నీడన వల బాగుచేస్తున్న ముసలామెని అడిగాను,
దీన్నేమంటారమ్మా అని.
"ఏటంతారు? తీగంతారు."
పళ్ళతో నైలాను దారం తెంపి, కాసేపాగి,
"ఒంటికి జెల్లి తగిలి మంటెక్కితే మందాకు.
కాళ్ళకి సుట్టుకుని పడీసినప్పుడు నానేటనీదాన్నో
నీ కాయితంలో రాయనేవులే.
తుపానెళ్ళిన మర్నాడు మాత్రం మా యమ్మ
తెల్లారకండా ఒడ్డుకొచ్చి
దీన్ని 'ఉన్నావేటే' అని పిలిసీది."

పెన్ను మూత తీసి అలాగే ఉండిపోయాను.
పేరా, పలకరింపా?

హుద్‌హుద్ అంటే ఒక పిట్టట,
కూకుడుగువ్వ.
మా క్యాంపస్‌లో చెట్లన్నీ పడుకోబెట్టిన గాలికి
ఎవరో దూరాన కూర్చుని పిట్ట పేరు పెట్టారు.
పేరుకీ పనికీ చుట్టరికం ఉండాలని
అప్పుడే నమ్మడం మానేశాను.

"మీ పేరు?" లేబులు కోసం కాదు, ఊరికే.
"పెంటమ్మ. గరికిన పెంటమ్మ.
నా ముందు ముగ్గురు పోనారు బాబూ.
నాను పుట్టగానే సేటలో ఎట్టి పెంట మీదికి ఇసిరీసి
పక్కింటామె సేత తెప్పించుకున్నారు.
సావొచ్చి సూసి, సీ సెత్త, అనుకోవాల గదా."
సూది ఇంకో కన్నులో దూర్చింది.
"అనుకున్నాదేమో మరి. డెబ్బైమూడేళ్ళు."

అట్ట మీద పువ్వు రెండ్రోజులకే
తడిసిన సిగరెట్టు కాగితంలా అయింది.
ఊదారంగు అని రాశాను, ఇక ఎవరికీ తెలిసే దారి లేదు కనుక.
స్థానిక నామం: చెవులపిల్లి తీగ.
గడి నిండిపోయింది.
మిగిలింది అట్ట వెనక పెన్సిల్‌తో రాశాను.
మా మేడమ్ చూస్తే రబ్బరు అడుగుతుంది.

మొన్న వాయుగుండం ఒడిశా వైపు తిరిగిపోయాక
సిటీబస్సెక్కి పేటకెళ్ళాను.
కెరటం కోసిన ఇసక గట్టు మీంచి
తీగ సగం గాల్లో వేలాడుతోంది,
కొసన ఒక్క పువ్వు.
వంగి చూస్తుంటే వెనకనుంచి
"ఉన్నావేటి!"

తీగనో, నన్నో.
ఇద్దరి తరఫునా
నేనే పలికాను.