ఒక కొస తారుమారు

మా జ్ఞానాపురంలో కిటికీ మూసినా
పోర్టు బొగ్గు లోపలికొచ్చీసి కూచుంటుంది.
అన్నం మీద మూత, మంచినీళ్ళ మీద మూత,
కంప్యూటర్ మీద మా ఆయన పాత లుంగీ.

రెండు కంప్యూటర్లు. రెండూ సెకండ్‌హ్యాండే.
కింద నాది, డాబాగార్డెన్స్‌లో ఎవరో ఆడిటరు వదిలించుకున్నది.
మేడ మీద ఫిలోమినాది. దాని డబ్బాకి పక్కరేకు లేదు,
వేలు పెట్టకండర్రా అని పిల్లల్ని అరవడమే రేకు.
ఫోను తీగ మాత్రం ఇంటికంతటికీ ఒకటే.

షిప్‌యార్డులో వైరింగు చేసిన ఇన్నాసి వచ్చి
నీలం తీగొకటి వెంటిలేటర్లోంచి, మెట్ల మీదుగా
పైకి పాకించేడు.
పళ్ళతో తొక్క ఒలిచి, ఎనిమిది పోగులు విప్పి చూపించేడు:
"ఈ కొస ఎలా కడితే ఆ కొస అలా కట్టకూడదు వదినా.
నోటికి నోరు తగిలితే ఇద్దరూ మాట్లాడతారు, వినేదెవరు?
ఒక కొస తారుమారు చెయ్యాల.
దీని నోరు దాని చెవికి,
దాని నోరు దీని చెవికి."
నారింజ పోగు వెళ్ళి ఆకుపచ్చ చోట పడింది,
ఆకుపచ్చది నారింజ చోట.

తర్వాత అంకెలు వేసేడు.
పొడుగాటి అంకెల వరస ఇద్దరికీ ఒకటే, చివర్న మాత్రం
నాకు ఒకటి, ఆమెకి రెండు.
తోటికోడళ్ళ వరస మిషన్లకీ తప్పలేదని
ఫిలోమినా నవ్వింది. నేనూ నవ్వేను. అప్పుడు.

టీ గ్లాసు కింద పెట్టీసి వెళ్తూ అన్నాడు:
"కిందది మేలుకునుంటేనే పైదానికి దారి."

పగలున్న దేశాల డాక్టర్ల గొంతులు చెవిలో పెట్టుకుని
రాత్రంతా నేను టైపు కొట్టేదాన్ని.
ఎవరిదో మోకాలు, ఎవరిదో ఉబ్బసం.
పైన ఆమె శుభలేఖలు దిద్ది అల్లిపురం ప్రెస్సుకి పంపేది.
నాది అయిపోయినా ఆమెది అవకపోతే
మడమతో నేల మీద రెండుసార్లు: ఉంచు.
ఒక్కసారి: నాదైంది, ఆపీ.
ఫోనుకంటే మా స్లాబే నయం.

ఆగస్టులో నీళ్ళ మోటారు దగ్గర గొడవొచ్చింది.
ఎవరు ముందు వేసేరు, ఎవరి బిందె నిండలేదు,
ఇప్పుడు రాస్తుంటే సిగ్గుగా ఉంది.
అప్పుడు మాత్రం మా అమ్మదాకా, వాళ్ళమ్మదాకా వెళ్ళేం.
నోటికి నోరు.

మడమ చప్పుడు ఆగిపోయింది.
నా పని అవగానే స్విచ్చి నొక్కేదాన్ని.
ఎంత సుఖంగా నొక్కేదాన్నో చెప్పకూడదు.
పైన కుర్చీ ఈడ్చిన చప్పుడు, కాసేపు నడక,
తర్వాత ఏం లేదు.

ఓ పొద్దున్న గేటు దగ్గర పెళ్ళికూతురి తండ్రి,
సైకిలు దిగకుండానే: కార్డులేవమ్మా, పదిరోజుల్లో పెళ్ళి!
మా అక్క ఆపీసింది అని
ఆమె నా వైపు వేలు చూపించొచ్చు.
కరెంటు లేదు బాబూ, అంది.
కరెంటుంది. మా వంటింట్లో మిక్సీ తిరుగుతోంది.

ఆ రాత్రి మోకాళ్ళన్నీ అయ్యేసరికి రెండున్నర.
చెయ్యి స్విచ్చిదాకా వెళ్ళింది.
స్క్రీను మీద లుంగీ కప్పి, పక్క వేసుకున్నాను.
ఫాను బొగ్గు నమిలినట్టు గరగరమంటోంది.
తీగ గుచ్చిన చోట పచ్చదీపం
ఆగి, వెలిగి, ఆగి, వెలిగి...
ఎవరి పెళ్ళో మెట్లు దిగి
నా గదిలోంచి బయటికెళ్తోంది.

నాలుగు దాటేక, చర్చి గంటకి ముందు,
నెత్తి మీద
మడమ. ఒక్కసారి.
లేచి ఆపీసేను.

మాటలు మాత్రం క్రిస్మస్ దాకా లేవు.

ఆ మిషన్లు తర్వాత కిలోల లెక్కన పోయాయి.
తూకం వేస్తుంటే లోపల్నుంచి గుప్పెడు నల్లపొడి రాలింది.
తీగ ఉంది. ఉప్పుగాలికి కొసలు చిలుం పట్టేయి.
మెట్ల దగ్గర దాని మీద
ఫిలోమినా చేతిగుడ్డలు ఆరేస్తుంది.
దుమ్ము పడుతుందే, అంటాను.
పడనీ అక్కా, నీవి కూడా ఇటు తే, అంటుంది.