మేయరుగారి పళ్ళసెట్టు

ట్రియెస్తె రేవులో నాది సోదా ఉద్యోగం.
కాఫీ బస్తా మీద చెయ్యేసి
లోపల ఇంకేదో ఉందని చెప్పగలను.
చెప్పుల అట్టల్లో దాచిన వాచీలు,
బొమ్మ ఏనుగు పొట్టలో సిగరెట్లు,
ఇరవై రెండేళ్ళుగా
నా కన్ను దాటిపోయినవి తక్కువే
అనుకునేవాణ్ణి.

కిటికీ బయట బోరా గాలి
ఎవరిదో గొడుగును వీధి పొడుగునా తరుముతోంది.
పడుకునే వేళ. నివేస్‌కి నాలుగేళ్ళు.
అదే పుస్తకం, ముప్ఫయ్యోసారో ఆపైనో.
మేయరుగారి పళ్ళసెట్టు పోయింది.
ఊరంతా వెతికారు.
మంచాల కింద లేదు. బావిలో లేదు.
నేను గంభీరంగా చదువుతున్నాను,
పంచనామా చదివినట్టు.

"ఎక్కడా లేదు" అన్నచోట
పిల్ల పకపకా నవ్వింది.
నవ్వాల్సిన మాట అక్కడేం లేదు.
వెనక్కెళ్ళి మళ్ళీ చదివాను, కామాతో సహా.
మళ్ళీ నవ్వింది.
"నువ్వు అక్షరాలే చూస్తావు నాన్నా"
అని చిటికెన వేలు
పేజీ అడుగు మూలకి జరిపింది.

అక్కడ గోరంత నత్త.
వీపు మీద, గుల్లకి బదులు,
మేయరుగారి నవ్వు.

పేజీకి అంగుళం చొప్పున నడుస్తోంది.
సంతలో బేరిపండుకి ఒక గాటు.
గంట తాడుకి ఒక గాటు.
ఫాదర్‌గారి టోపీ అంచు
నెలవంకలా కొరికేసి ఉంది, ఆయన మాత్రం
ఆకాశంకేసి చూస్తూ దేవుణ్ణి అడుగుతున్నాడు.
దీని గురించి ఒక్క మాట రాసి లేదు.
రాసినాయన లేదు లేదు అంటుంటే
గీసినావిడ పక్కనే కూర్చుని, పెదవి కొరుక్కుంటూ,
ఉందని గీసుకుంటూ పోయింది.
బొమ్మని చిత్రం అని ఎందుకన్నారో
నలభై ఏడేళ్ళకి తెలిసింది నాకు,
చదవడం రాని పిల్ల చెబితే.

తను నిద్రపోయాక
పుస్తకం వంటింట్లోకి తెచ్చుకున్నాను.
కళ్ళజోడు తుడుచుకుని, కళ్ళలో వత్తులు వేసుకుని
మొదటి పేజీ నుంచి సోదా.
పిల్లి మీసాలు పేజీకొకటి తగ్గుతున్నాయి
(ఎందుకో ఇంకా తేలలేదు).
రేవు బొమ్మ దగ్గర ఆగిపోయాను.
జనం, ఓడలు, పెట్టెలు,
ఒక పెట్టెలోకి నడుందాకా దూరిపోయి
వెతుకుతున్నాడొకడు.
పక్కన పెట్టిన టోపీ నాదే.
ఆ వంగిన వెనకభాగం కూడా, ఒప్పుకోవాలి, నాదే.
వాడి బూటు వెనకనుంచి తీరిగ్గా,
ఇంత నోరు చేసుకుని,
దాటిపోతోంది నత్త.

నవ్వు బయటికి రాకుండా
తువ్వాలు నోట్లో కుక్కుకున్నాను.

చీకటి గదిలోంచి గొంతు:
"దొరికావా నాన్నా?"