రెండూ ఇరవై గొట్టం

పది నిమిషాలకోసారి
కుప్పమ్మ చేతిలోంచి అర చెంచా నెత్తురు.
గొట్టాన్ని ముందే మంచులో పెట్టుండాలి.
అడుగున, ఎంజైముల నోరు కట్టే మందు చుక్క.
తీసిన చెయ్యి ఆగకూడదు, మళ్ళీ మంచులోకే.
ఆలస్యం చేశావా, అది ఉండదు.

పేరు ఆక్సిటోసిన్.
తొమ్మిది పూసల దండ.
మెదడు అడుగున శనగ్గింజంత గ్రంథి
ఉన్నట్టుండి గుప్పెడు విసురుతుంది.
గ్లాసులో టీ చల్లారేలోపు
సగం దండలు తెగిపోయుంటాయి.

తిరుపతిలో ఆ రాత్రి ఉక్క.
మూడో అంతస్తు కిటికీలోంచి చూస్తే
కొండ మీదికి పోయే దీపాల వరస, ఎక్కడా తెగదు.
నా కాగితం మీద గీత అట్ల కాదు.
పక్క మంచంలో చెంగల్రాయుడు,
మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో డబ్బాలు మోసేవాడు,
గురక పెడతా ఉన్నాడు.
తర్వాత చూస్తే అతని నెత్తురు
ఎండాకాలం స్వర్ణముఖి. పైన ఇసుక.
అడుగున ఏముందో తవ్వితే గాని...

కుప్పమ్మకు నిద్ర లేదు.
మూడు నెలల బిడ్డను పుత్తూరులో అక్క దగ్గర వదిలి
వెయ్యి రూపాయలకని వచ్చింది.
"ఇంత నెత్తురు చూసి ఏం కనిపెడ్తారు మేడం?"
"పాలు ఎప్పుడెప్పుడు చేపుకొస్తాయో."
"దానికి సూదెందుకు? దూడను ఇడిస్తే సరి."

రెండూ పదిహేడుకు ఫోను మోగింది.
వార్డులో ఫోను ఉండకూడదు. రూలు.
దిండు కింద దాచుకుందని నాకు ముందే తెలుసు.
అవతల అక్క గొంతు కాదు, బిడ్డ ఏడుపు,
ఎండిన కొబ్బరాకు చించినట్టు.
కుప్పమ్మ మాట్లాడలేదు.
"ఊ... ఊ..." అంది, అంతే.
రవిక ముందు రెండు తడి మచ్చలు
చూస్తుండగానే పెద్దవయ్యాయి.
నేను ఫోను లాక్కోలేదు.
గడియారం చూశాను. రెండూ ఇరవై.
సిరంజి లాగాను.
రెండున్నరకు లాగితే మళ్ళీ మామూలు నెత్తురే.

రిజిస్టరులో గమనికలకని ఒక గడి ఉంటుంది.
రాస్తే ఆమె వెయ్యి పోతుంది, నా ఉద్యోగమూ పోతుంది.
గడి ఖాళీగా వదిలేశాను.

నెల తర్వాత గ్రాఫు వచ్చింది.
రాత్రంతా చదును,
ఒక్కచోట తాటిచెట్టు.
డాక్టరుగారు ఎర్రపెన్నుతో చుట్టారు.
"ఇదేంది సుగుణా, కిట్టులో తప్పా?
ఆ టైములో ఏమన్నా జరిగిందా?"
"తెలీదు సార్" అన్నాను.
ఆ చుక్కను తీసేసి సగటు కట్టారు.
సగటు బాగా వచ్చింది.

అబద్ధం చెప్పిన ఆ నిమిషం
మెడ వెనక చెమట, నాలుక పిడచ.
లోపల ఏవేవో దండలు విసిరి కొట్టినట్టుంది.
నా చెయ్యి గుచ్చేవాళ్ళు లేరు.

ఆ తెల్లారి కుప్పమ్మ
నోట్లు రెండుసార్లు లెక్కపెట్టుకుని
మోచేతి మడతలో దూదిని అట్నే నొక్కిపట్టి
పుత్తూరు బస్సెక్కింది.
ఏడున్నరకు బిడ్డ నోట్లో రొమ్ము పెట్టుంటుంది.
ఆ నెత్తురు ఏ మంచులోనూ లేదు.