మూర

పెరంబూరు లోకో గేటు దగ్గర
పూలమ్ముకునేదాన్ని.
నా మొగుణ్ణి తొక్కేసిన నీళ్ల ట్యాంకరు డ్రైవరు
వేలాయుధం (ఇప్పుడు పౌలట)
ఆరేళ్లకు గుమ్మంలోకొచ్చాడు, తెల్లచొక్కా, చంకలో బైబిలు.
"అక్కా, ప్రభువు నన్ను క్షమించాడు."

ఎవర్నడిగి క్షమించాడ్రా?
మార్చురీలో వేలిముద్ర వేసింది నేను.
బీమా ఆఫీసు మెట్లు అరగదీసింది నేను.
నా బాకీని నా సంతకం లేకుండా
కొట్టేయడానికి ఆయనెవరు?

శిలువంటే నాకేం కోపం లేదు.
చిన్నాడి జ్వరానికి మాత గుళ్లో
కొవ్వొత్తి నేనూ వెలిగించాను.
ఆ "ఊరికే" అన్న మాటే, గుండెల్లో మంట.
ఈ మద్రాసులో బిందెడు నీళ్లే ఊరికే రావు,
నా మనిషి ప్రాణం ఊరికే పోవాలా?

చెప్పులు తొడుక్కుంటూ తలెత్తకుండా అన్నాడు:
"మీకూ ఉందక్కా, ఆ క్షమ."

నాకా!
నేనేం చేశానని?
చీపురందుకునేలోపే సందు దాటాడు.

పొద్దున మల్లెదండ కొలుస్తూ
ఎప్పట్లాగే కొసని
మోచేతికి నాలుగువేళ్లు ఇవతల పట్టుకుని
"మూర ముప్పై" అన్నాను.
ఇరవయ్యేళ్లుగా ఇదే మూర,
ఎవరూ అడగలేదు.

ఇవాళ చెయ్యి ఆగింది.
దానిక్కూడా వాడిమీదే కోపం.