చెప్పుల లెక్క

షట్టర్ ఎత్తి అగరొత్తి వెలిగించకముందే
ఎదురుకొట్టు అరుగు చూస్తాను.
తొమ్మిది జతలు.
నా గుమ్మంలో ఒకటి.
అది నాది.

గుణుపురంలో గేమ్ పార్లర్ నాదొక్కటే ఉన్నప్పుడు
గంటకి నలభై.
కరెంటు పోతే హాస్టలు కుర్రోళ్లు వంశధార గట్టుకెళ్లి
తిరిగొచ్చి, మిగిలిన పావుగంట అడిగి మరీ ఆడేవారు.
కైబల్య సాహు ఎదురుగా బోర్డు కట్టాడు: ముప్పై.
నేను ఇరవై ఎనిమిది.
వాడు ఇన్వర్టర్.
నేను అప్పు చేసి ఏసీ.
వాడు గంటాడితే మిక్చర్ పొట్లం ఉచితమన్నాడు.
నేను మా ఆవిడ చేత బరా, ఆలూదమ్ చేయించాను,
తినేసి చేతులు కంట్రోలర్లకే తుడిచారు.

ఓ రోజు టీ బడ్డీ దగ్గర
ఒడియాలో వాడూ తెలుగులో నేనూ
ఇంక తగ్గించొద్దని ఒట్టేసుకున్నాం.
సాయంత్రానికి వాడు రాశాడు: రెండో గంట సగం ధరకే.
నేను మధ్యాహ్నమే రాసేశాను.

ఇప్పుడు రెండు కొట్లకీ అదే నీలం లైటు,
అదే తుపాకీ పోస్టరు.
మొన్నొకడు అక్కడ రావలసిన చిల్లర
నన్నడిగాడు. ఇచ్చేశాను.

కొట్టు నాది, అద్దె నాది, అప్పు మరీ నాది.
ఏ ఆట పెట్టాలన్నది మాత్రం
వాడి అరుగు చెబుతుంది.

కొత్త యుద్ధం ఆట వాడు తెచ్చాడని విన్న రాత్రే
నేనూ కొన్నాను.
నూట ఇరవై జీబీ. మిషన్లో చోటు లేదు.
క్రికెట్టు తీస్తే కొట్టు మూసుకోవాలి,
ఫుట్‌బాల్ తీస్తే హాస్టలు రాదు.
మూలన పడవ ఆట ఉంది.
శత్రువు లేడు, గెలుపు లేదు,
వాన, ఓ తెడ్డు, మెల్లగా జరిగే ఒడ్డు.
ఎవడాడతాడు దాన్ని?
లిమ్మో గొమాంగో ఆడతాడు.
సంతరోజు కొండ దిగి, చింతపండు అమ్మి,
అరగంట.
వారానికి పద్నాలుగు రూపాయలు.
తీసేశాను.

సంతరోజు వచ్చాడు.
మేకు కొట్టిన చెప్పులు గుమ్మంలో వారగా విడిచి
తెర మీద వెతికాడు, కిందకీ పైకీ, రెండుసార్లు.
"యుద్ధం ఉంది, ఆడు, డబ్బులొద్దులే" అన్నాను.
తల అడ్డంగా ఊపి చెప్పులు తొడుక్కున్నాడు.

ఎదురు అరుగు ఎక్కుతాడేమోనని
మెడ చాచి చూశాను.
ఎక్కలేదు. బస్టాండు వైపు పోయాడు.
అవతలి గుమ్మంలో కైబల్య కూడా
మెడ చాచే ఉన్నాడు.

సాయంత్రం అడిగాను,
నీ దగ్గర పడవ ఆట ఉందా అని.
ఉండేదట.
నేను యుద్ధం కొన్నానని ఎవరో చెబితే
చోటు కోసం తీసేశాడట.
వాడు కొన్నాడని కదా నేను కొన్నది?
ఇద్దరం తేదీలు లెక్కేసుకున్నాం, తేలలేదు.

టీ డబ్బులు వాడిచ్చాడు.
రేపు నేనివ్వాలి,
ఓ బిస్కట్టు ఎక్కువ వేసి.